చెరువంత వేడి

బెంగాలీల రైల్వే ఊళ్లో, మన తెలుగువాళ్లుండే తాల్‌బగీచా పేటలో పొద్దెక్కి రేకుల మీద ఎండ పడగానే జోగమ్మ స్టూలు ఎక్కి, వసారా రేకు మీద కుడి అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడేది. వేడి చేతిలోకి దిగిందనుకున్నాక కిందికొచ్చి, బల్ల మీద దుప్పటి పరిచి, ఆ చేత్తోనే చొక్కాలు ఇస్త్రీ చేసేది. కాలరుకి బొటనవేలు, గుండీల మధ్య చూపుడువేలు, వీపు భాగానికి మొత్తం అరచెయ్యి. ఒక రేకు వేడికి మూడు చొక్కాలు వచ్చేవి. అప్పుడే వచ్చి ఆగిన మోటారు సైకిల్ సైలెన్సరుకి ఒక ప్యాంటు. పిల్లల జ్వరానికి జేబురుమాలు కూడా సరిగ్గా రాదు, అయినా జ్వరం బిడ్డని ఎత్తుకొచ్చిన తల్లిని ఆవిడ ఏనాడూ వెనక్కి పంపలేదు. ట్రాఫిక్ కాలనీ నుంచి గార్డులు, టీటీలు తమ యూనిఫారాలు పనిగట్టుకుని ఇక్కడికే పంపేవారు. మబ్బు పట్టిన రోజుల్లో బట్టలు ఒక పూట ఆలస్యమైనా ఎవరూ అడిగేవారు కాదు.

ఆ చేతికి ఒక లోటు మాత్రం ఉండేది. వేడిని తాగేసే చెయ్యి కనక, వేడి ఎలా ఉంటుందో దానికి తెలియదు. టీ గ్లాసు కాలుతోందో చల్లారిందో జోగమ్మ పెదవికి తెలియాల్సిందే గానీ వేళ్లకి తెలిసేది కాదు. ఒంట్లో బాగానే ఉన్న మనిషిని ముట్టుకుంటే పాపం ఆ మనిషికి వణుకు పుట్టేది. అందుకని జ్వరం ఉంటే తప్ప ఆవిడ ఎవరినీ తాకేది కాదు. పక్కింటి లూకా ఆవిడని అక్క వరసతో అప్పా అనేవాడు. పొద్దున్నే గేటు దగ్గర నిలబడి, క్రైస్తవుల అలవాటు ప్రకారం "వందనాలప్పా" అని చెయ్యి ఎత్తితే, ఆవిడ దూరం నుంచే "దణ్ణాలు తమ్ముడూ" అనేది. ఇరవై ఎనిమిదేళ్లుగా రెండిళ్లకీ పొద్దు అలాగే మొదలయ్యేది.

జోగమ్మ భర్త ఎర్రయ్యా, లూకా రైల్వే వర్క్‌షాపులో వ్యాగన్ల దగ్గర కలిసి పనిచేశారు. ఆరేళ్ల కిందట ఒక మధ్యాహ్నం ఎర్రయ్య ఆసుపత్రిలో పోయినప్పుడు మంచం పక్కన ఉన్నది వీళ్లిద్దరే. జ్వరం దించుదామని జోగమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. ఆయన వెళ్లిపోయాక కూడా అలాగే పట్టుకుని కూర్చుంది. చెయ్యి చల్లబడిన సంగతి ఆవిడ చేతికి తెలియలేదు. చివరికి ఆ మాట లూకాయే అనాల్సొచ్చింది. "ఒగ్గేయ్ అప్పా, సల్లబడిపోయి సానా సేపైంది" అన్నాడు. ఆవిడ వదిలేసింది. ఆ తర్వాత ఇద్దరూ ఆ సంగతి ఎత్తలేదు గానీ, ఆ మాట తన నోటి నుంచి రావాల్సి వచ్చినందుకు లూకా లోపల్లోపల కుమిలిపోతూనే ఉండేవాడు.

రిటైరయ్యాక లూకాకి పడవల పిచ్చి పట్టుకుంది. మొదట్లో థర్మోకోలు ముక్కలతో, తర్వాత ప్లైవుడ్‌తో మూరెడేసి పడవలు చేసి వీధి చివరి చెరువులో వదిలేవాడు. కోడలు డయానా గోల్‌బజారులో మొబైల్ రిపేరు షాపులో పనిచేస్తుంది. ఆ అమ్మాయి పుణ్యమా అని పడవకి మోటారు, బ్యాటరీ, చేతిలో పట్టుకుని నడిపే రిమోటు వచ్చాయి. మధ్యలో అగ్గిపెట్టెలంత డబ్బా ఒకటి ఉంటుంది, స్పీడ్ కంట్రోలరు. లూకా దాన్ని తన భాషలోకి మార్చుకున్నాడు. బ్యాటరీ బొగ్గు, మోటారు ఇంజను, ఈ డబ్బా డ్రైవరు. బొగ్గు ఎప్పుడెంత వెయ్యాలో చూసుకునేది డ్రైవరే కాబట్టి, శ్రమంతా వాడిదే, చెమటంతా వాడికే.

ఇదంతా కాలక్షేపం కోసమే అనుకున్నారు ఇంట్లోవాళ్లు. లూకా భార్య సూసన్న అయితే, చర్చిలో ఎవరైనా అడిగితే, మా ఆయన చేపలు లేని చెరువులో పడవ నడుపుతున్నాడని చెప్పేది. కానీ ఆ ఏడు వానాకాలంలో సంగతి మారింది.

లూకా కొడుకు క్రిస్టోఫర్ ఊరి బయట ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చేస్తున్నాడు. ఏం పని అంటే, ఫ్యాక్టరీ చెరువులోంచి నీళ్లు పట్టుకొచ్చే పని అని చెప్పేవాడు. ఫ్యాక్టరీ వాడి వదిలిన నీళ్లు ఒక పెద్ద గుంటలో చేరతాయి. దాని నడిమధ్య పాతిన కర్ర దగ్గర నుంచి రోజుకి మూడుసార్లు సీసాడు నీళ్లు తెచ్చి పరీక్షకి ఇవ్వాలి. వెళ్లడానికి ఖాళీ డ్రమ్ములు కట్టిన తెప్ప ఒకటుంది. మొదట్లో ఇద్దరు వెళ్లేవారు. శ్రావణంలో తెప్ప ఒరిగి సొలొమోను అనే తోటి పనివాడు నీళ్లలో పడ్డాడు. కాలు దెబ్బతిందని, మూడు నెలలుగా మంచం మీదే ఉన్నాడని క్రిస్టోఫర్ ఇంట్లో చెప్పాడు. అప్పటినుంచీ క్రిస్టోఫర్ ఒక్కడే వెళ్తున్నాడు. సాయంత్రం ఇంటికి రాగానే కుళాయి దగ్గర కూర్చుని పాదాల మీద బకెట్ల కొద్దీ చన్నీళ్లు పోసుకునేవాడు. అలసట కాబోలనుకునేవాడు లూకా.

తెప్ప ఒరిగిన సంగతి విన్న దగ్గర్నుంచీ లూకాకి అన్నం సయించలేదు. మనిషి వెళ్లి సీసా తేవడం ఎందుకు, పడవే తెస్తుంది కదా అన్న ఆలోచన అలా పుట్టింది. క్రిస్టోఫర్ బెదురుతూనే ఆఫీసరు మైతీ బాబు చెవిన వేశాడు. మైతీ బాబు మంచివాడే గానీ లెక్క మనిషి. బుధవారం పదకొండింటికి తీసుకురండి, ఆపకుండా మూడుసార్లు వెళ్లి మూడు సీసాలు తెస్తే తెప్పకి తాళం వేయిస్తాను అన్నాడు. మధ్యలో ఒక్కసారి ఆగినా కుదరదన్నాడు. ఆగిన పడవని తేవడానికి మళ్లీ మనిషే తెప్ప ఎక్కాలి కదా, అలాంటప్పుడు లాభమేమిటని ఆయన ప్రశ్న. అందులో తప్పు పట్టడానికేం లేదు.

సీసా మోయాలి కాబట్టి లూకా పడవని రెండు మూరలకి పెంచాడు, రిమోటు నొక్కితే సీసా నీళ్లలో మునిగి నిండేలా కట్టాడు. దమ్ముండాలని, నీళ్లని వెనక్కి తోసి పడవని నడిపే ఫ్యాను పెద్దది చెక్కాడు. అంత పని మీద పడేసరికి డ్రైవరు డబ్బా కాలడం మొదలుపెట్టింది. అక్కడే లూకా తన జన్మలో చేయనంత పెద్ద పొరపాటు చేశాడు, అదీ ఎంతో నమ్మకంగా చేశాడు.

వ్యాగన్ షాపులో చేరిన కొత్తలో పెద్దవాళ్లు అతనికి నేర్పిన మొదటి పాఠం ఇరుసు వేడెక్కకుండా చూడటం. ఇరుసు వేడెక్కితే బండి పట్టాలు దిగిపోతుంది. అందుకని ఆ రోజుల్లో ఇరుసు పెట్టె నిండా నూనెలో నానబెట్టిన నూలు పీచు, షాపులో అందరూ కాటన్ వేస్టు అనేదాన్ని, వేళ్లతో గట్టిగా కూరేవారు. లూకా కూరిన పెట్టెలోంచి ఎప్పుడూ పొగ రాలేదని సూపర్‌వైజరే అనేవాడు. ఇప్పుడు లూకా పెట్టెలోంచి పాత నూలు పీచు తీసి, గ్రీజు రాసి, కంట్రోలరు చుట్టూ ఎక్కడా సందు లేకుండా కూరాడు. పైన మూత బిగించి, నీళ్లు పోకుండా మైనం కూడా పూశాడు.

డయానా చూసి ఊరుకోలేకపోయింది. "మావయ్యా, దానికి గాలి తగలాల. ఇలగ కుక్కేస్తే ఏడి ఎటెల్తాది?"

"ముప్పైతొమ్మిదేళ్లు ఇరుసులు సూసినోణ్ణి. నాకు ఏడి గురించి సెప్తావేటమ్మా" అన్నాడు లూకా, నవ్వుతూనే.

వీధి చెరువులో పడవ పది నిమిషాలు దర్జాగా తిరిగింది. పదకొండో నిమిషంలో మూత సందులోంచి సన్నగా పొగ వచ్చింది. పన్నెండో నిమిషంలో గ్రీజు అంటుకుంది. గట్టు మీద బట్టలుతుకుతున్న పోలమ్మ తన బకెట్టు నీళ్లు విసిరి ఆర్పకపోతే పడవ మొత్తం పోయేదే. లూకా కాలిన డబ్బాని కండువాలో చుట్టుకుని, ఎవరి మొహమూ చూడకుండా ఇంటికొచ్చాడు. కమురు వాసన మాత్రం దాగలేదు. బుధవారానికి తొమ్మిది రోజులే ఉంది.

ఆ సాయంత్రం డయానా వచ్చి పక్కన పీట వేసుకుని కూర్చుంది. దెప్పి పొడవలేదు. కాలిన డబ్బాని విప్పి చూపించింది. "ఇరుసుది రాపిడి ఏడి మావయ్యా. నూనేస్తే రాపిడి తగ్గుతాది, ఏడీ తగ్గుతాది. దీనికి రాపిడి నేదు. కరెంటు ఎల్తున్నంతసేపూ ఏడి లోపల్నించే పుడతాది. బయటికి పోడానికి దారియ్యాల. మీరు జొరం మనిషికి మూడు దుప్పట్లు కప్పినారు."

లూకా ఆ డబ్బాని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత, ఎవరూ నమ్మరు గానీ, "అయితే ఏటి సెయ్యాలో నువ్వే సెప్పు" అన్నాడు. ఇంట్లో గిన్నెలు సర్దుతున్న సూసన్న ఆ మాట విని పని ఆపేసి వచ్చి నిలబడింది.

మామా కోడళ్లు ఆ తొమ్మిది రోజులూ ఒకే బల్ల మీద పనిచేశారు. కాలిపోయినదానికి రెట్టింపు బరువు మోయగల కంట్రోలరు తెచ్చింది డయానా. ఇది మరీ వేడెక్కితే కాలిపోకుండా తనంతట తానే పని ఆపేస్తుంది, చల్లబడ్డాక మళ్లీ లేస్తుంది. పెద్ద ఫ్యాను నీళ్లని ఎక్కువగా తోస్తుంది గానీ డ్రైవరు నడుం విరగ్గొడుతుందని, లూకా మురిపెంగా చెక్కినదాన్ని తీయించి చిన్నది పెట్టించింది. పడవ అడుగున కోసి, ఒక అల్యూమినియం రేకు నీళ్లకి తగిలేలా బిగించి, దాని మీద తమ షాపులో వాడే తెల్లటి పేస్టు రాసి కంట్రోలరుని కూర్చోబెట్టింది. లూకా పాత ఫ్రిజ్ నుంచి తీసిన రాగి గొట్టాన్ని సన్నగా వంచి కంట్రోలరు చుట్టూ తిప్పాడు. అలాంటి పనిలో అతని చెయ్యి ఇంకా వణకదు. గొట్టం ఒక మూతి ఫ్యాను వెనక, ఇంకొకటి పడవ పక్కన. పడవ నడుస్తుంటే చెరువు నీళ్లు ఒక మూతిలో దూరి, వేడిని మోసుకుని రెండోదాంట్లోంచి దారంలా బయటపడతాయి. ఆ నీటి దారం కనిపిస్తున్నంతసేపూ డ్రైవరు క్షేమం. లూకాకి ఆ దారం తెగ నచ్చింది. దాన్ని చూడటానికే పడవని ఒడ్డు పక్కగా తిప్పేవాడు.

వీధి చెరువులో నలభై నిమిషాలు నడిపి, మూత తీసి, ఇరుసుల్ని చూసినట్టే వెనక్కి తిప్పిన చేత్తో, వేళ్ల వెనక వైపుతో, కంట్రోలరుని తాకి చూశాడు. గోరువెచ్చగా ఉంది. సూసన్నకి మాత్రం ధైర్యం చాల్లేదు. ఒక్కసారి జోగమ్మతో చెయ్యి పెట్టించండి, ఏ బెంగా ఉండదు కదా అంది. లూకా ఒప్పుకోలేదు. "రోజుకి మూడుసార్లు అప్పని ఫ్యాక్టరీకి తీసుకెల్తావేటి? పడవ తన సత్తువ మీద తను నడవాల" అన్నాడు.

బుధవారం పొద్దున లూకా, కొడుకూ కోడలూ బ్యాటరీ మీద నడిచే టోటో రిక్షా మాట్లాడుకుని పడవని ఒళ్లో పెట్టుకుని బయల్దేరారు. ఇస్త్రీ చేసిన క్రిస్టోఫర్ యూనిఫారం ఇవ్వడానికొచ్చిన జోగమ్మ, టోటోలో చోటుంది కదా, ఫ్యాక్టరీ నేనెప్పుడూ చూడలేదని ఎక్కి కూర్చుంది. ఎవరి చెయ్యీ తగలకుండా అంచున కూర్చుంది.

ఫ్యాక్టరీ వెనక గేటు దాటి చెరువు దగ్గరికి వచ్చేసరికి లూకాకి ఏదో తేడాగా అనిపించింది. గట్టున గడ్డి లేదు. నీళ్లలో నాచు లేదు. ఒక్క కొంగ లేదు, కప్ప లేదు. నీళ్ల మీద పల్చటి తెర ఆడుతోంది. వంగి, వెనక్కి తిప్పిన చేత్తో నీళ్లు తాకి, ఠక్కున లాగేసుకున్నాడు.

"ఏట్రా ఇది?" అన్నాడు కొడుకుతో.

"సెరువు నాన్నా." క్రిస్టోఫర్ తల దించుకున్నాడు. "ఇక్కడోళ్లు గొరోమ్ పుకుర్ అంటారు."

వేడి చెరువు. ఇంట్లో మాత్రం రెండేళ్లుగా ఒట్టి చెరువు అనే చెప్పాడు. అమ్మ భయపడుతుందని సగం మాట మింగేశాడు. సొలొమోను కాళ్లకి తగిలింది దెబ్బ కాదు, మోకాళ్ల దాకా బొబ్బలు. లూకా కొడుకు పాదాల వైపు చూశాడు. మడమల మీద కమిలిన చర్మం బూటు అంచున కనిపిస్తోంది. ఇన్నాళ్లూ ఆ కుళాయి దగ్గర పోసుకున్న నీళ్లు ఎందుకో అప్పుడు తెలిసింది. ముప్పైతొమ్మిదేళ్లు చెయ్యి వెనక్కి తిప్పి ఎన్ని ఇరుసుల వేడి చూశాడో, ఒక్కసారైనా సొంత కొడుకు పాదం తాకి చూడలేదు.

డయానాకి ఇంకొక సంగతి కూడా అర్థమైంది. రాగి గొట్టం తాగేది ఈ నీళ్లే. చల్లార్చాల్సిన నీళ్లే మరిగిపోతుంటే చల్లబడేది ఎలా? రెండు రోజులు గడువడిగింది. మైతీ బాబు తలూపలేదు. రేపు పైవాళ్లు వస్తారు, వాళ్ల ముందు నేనేదో ఒకటి రాసి చూపించాలి, ఈవేళ తప్ప వీలు కాదన్నాడు. అన్నాక ఆయనకే బాధనిపించినట్టుంది, గడియారం వైపు చూసుకున్నాడు.

పడవని నీళ్లలో దింపారు. రిమోటు డయానా చేతిలో ఉంది. మొదటిసారి వెళ్లింది, సీసా నింపుకుని వచ్చింది. పక్కనుంచి పడే నీటి దారం పొగలు కక్కుతోంది. రెండోసారి వెళ్లింది, నెమ్మదిగా వచ్చింది. మూడోసారి కర్ర దాకా వెళ్లి, సీసా నింపుకుని, ఇటు తిరిగి, అక్కడే ఆగిపోయింది. డయానా ఎంత నొక్కినా కదల్లేదు. డ్రైవరు ఒళ్లు కాలి పని మానేశాడు. చుట్టూ అంత వేడి ఉండగా చల్లబడి లేచే ఆశ లేదు.

క్రిస్టోఫర్ బూట్లు విప్పడం మొదలుపెట్టాడు. తెప్ప మీద బూట్లు జారతాయట, వట్టి కాళ్లతోనే ఎక్కాలట. ఆ సంగతీ ఆ రోజే తెలిసింది. లూకా కొడుకు భుజం పట్టుకున్నాడు గానీ ఏం చెప్పి ఆపాలో తెలియలేదు. ప్రభువా అన్నాడు మనసులో, ఆ తర్వాత ప్రార్థన ముందుకు సాగలేదు.

జోగమ్మ గట్టు దిగింది. చీర కుచ్చిళ్లు మోకాళ్ల మీదికి దోపుకుని, నీళ్ల అంచున గొంతుక్కూర్చుని, కుడి చెయ్యి మోచేతి దాకా చెరువులో పెట్టింది.

"అప్పా, ఒద్దు. రేకు కాదది, సెరువు" అన్నాడు లూకా.

"నాను సూస్తున్నాను కదా" అందావిడ, ఇటు తిరక్కుండానే.

కాసేపటికి నీళ్ల మీద ఆవిరి తెర పలచబడింది. తర్వాత అసలు లేదు. గోడ మీద కూర్చున్న కాకి ఒకటి దిగొచ్చి, అనుమానంగా ఒక చుక్క తాగి, తర్వాత తనివితీరా తాగింది. మైతీ బాబు చేతిలో రిజిస్టరు చంకలోకి మార్చుకుని, చీర తడుస్తోంది మాషీమా, అంటే పిన్నిగారూ, అని బెంగాలీలో హెచ్చరించాడు. జోగమ్మ రెండో చేత్తో కొంగు పైకి లాక్కుంది. చెరువు మధ్యలోంచి టుయ్ టుయ్ మని సన్నటి చప్పుడు వినిపించింది. డ్రైవరు లేచినప్పుడు చేసే చప్పుడది. డయానా వేలు కదిపింది. పడవ బయల్దేరింది. పక్కనుంచి నీటి దారం చల్లగా, తెల్లగా పడుతుండగా, మూడో సీసా మోసుకుని ఒడ్డుకొచ్చి లూకా కాలికి తగిలి ఆగింది.

మైతీ బాబు సీసాలు మూడూ లెక్కపెట్టి రిజిస్టరులో రాశాడు. ఆగింది కదా అని ఆయన అనలేదు, ఆగిన పడవ కోసం మనిషి వెళ్లలేదు కదా. రేపటినుంచి ఈ చెరువు నీళ్లు తాగించను, పడవలోనే ఐసు నీళ్ల సీసా పెట్టి వాటినే గొట్టంలో తిప్పుతానని డయానా చెబితే శ్రద్ధగా విన్నాడు. తర్వాత తాళం తెప్పించి తెప్ప గొలుసుకి వేశాడు. క్రిస్టోఫర్ గట్టు మీద కూర్చుని బూట్లు మళ్లీ తొడుక్కున్నాడు. లేసులు కట్టుకోవడానికి వాడికి చాలాసేపు పట్టింది.

తిరుగు ప్రయాణంలో జోగమ్మ చెయ్యి టోటో బయటికి చాపి కూర్చుంది. అరచెయ్యి బొగ్గు పొయ్యిలా ఎర్రగా ఉంది. నొప్పా అని అడిగితే నొప్పి కాదు, బరువు అంది. ఇంటికి రాగానే ఎవరి దగ్గర ఏ బట్టలున్నా పట్టుకురమ్మని కబురు పెట్టింది. చెరువంత వేడి పట్టుకొచ్చింది, ఎలాగోలా దించుకోవాలి కదా. మొదట వీధివాళ్లవి అయ్యాయి. తర్వాత చర్చి పాటల బృందం అంగీలు, బడి కర్టెన్లు, పెళ్లి షామియానాల గుడ్డలు. లూకా పెట్టెలో పదేళ్లుగా మడతపడి ఉన్న పెళ్లి కోటు కూడా అయింది. పంతొమ్మిది రోజులు ఆవిడ రేకు వైపు చూడలేదు. లూకా రోజూ బట్టలు మోసుకెళ్లి ఇచ్చేవాడు, మడతపెట్టినవి మోసుకొచ్చేవాడు. మోస్తూ ఏదో అనాలనుకునేవాడు. చివరికి వందనాలప్పా అని మామూలుగా అనేసి వచ్చేసేవాడు.

ఇరవయ్యో రోజు పొద్దున జోగమ్మ ఎప్పటిలాగే స్టూలు ఎక్కి రేకు మీద చెయ్యి ఆనించింది. వెంటనే లాగేసుకుంది. గేటు దగ్గరున్న లూకా పరుగెత్తుకెళ్లాడు. అరచెయ్యి మధ్యలో చిన్న బొబ్బ లేస్తోంది.

"నా మూలాన్న పోయింది అప్పా" అన్నాడు.

ఆవిడ చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "ఉన్నదే పోతాది. నా కాడే ఉండిపోతే ఏటి సేసుకుంటాను" అని, సూసన్నని కాస్త కొబ్బరినూనె తెమ్మంది. ఆ వారంలోనే డయానా షాపులో మూలపడి ఉన్న కరెంటు ఇస్త్రీ పెట్టె బాగుచేసి తెచ్చిచ్చింది. బట్టలు ఇచ్చేవాళ్లు ఎప్పటిలాగే ఇచ్చారు, పట్టుకెళ్లేవాళ్లు ఎప్పటిలాగే పట్టుకెళ్లారు. మబ్బు రోజుల్లో ఆలస్యం కాకపోవడం ఒక్కటే తేడా.

లూకా మాత్రం స్థిమితపడలేదు. కొడుకు ఇప్పుడు గట్టు మీద నిలబడి రిమోటు నొక్కుతున్నాడు. పాదాల మీద కమిలిన మచ్చలు పలచబడుతున్నాయి. రోజూ పొద్దున్నే ఫ్రిజ్‌లోంచి ఐసు సీసా తీసి వాడి సంచిలో పెట్టేటప్పుడు లూకాకి కళ్లు చెమర్చేవి. ఇంత మేలు జరిగాక ఊరుకోవడం తప్పు. శనివారం సాయంత్రం ఇంట్లో కృతజ్ఞత కూడిక పెడదామని తనే సూసన్నతో అన్నాడు. సూసన్న మళ్లీ చేతిలో పని ఆపేసింది. కూడిక అంటే ఇంటాయన లేచి దేవుడు చేసిన మేలు గురించి నలుగురిలో సాక్ష్యం చెప్పాలి. వీధిలో ఎవరింట్లో కూడిక జరిగినా సాక్ష్యాల వేళకి లూకా టీ సంగతి చూస్తానని వంటింటి తలుపు చాటుకి వెళ్లిపోయే రకం.

శనివారం చాపలు పరిచారు. చర్చిలో పాటలు పాడించే జ్ఞానరత్నమ్మగారు పాట ఎత్తుకుంది. సొలొమోను కర్ర ఊతంతో వచ్చి గోడకి ఆనుకుని కూర్చున్నాడు. జోగమ్మ అలవాటు ప్రకారం ఎవరికీ తగలకుండా గుమ్మం పక్కన కూర్చుంది. సాక్ష్యం వేళ అయింది. అందరూ వంటింటి వైపు చూశారు. లూకా, ఇస్త్రీ చేసిన పెళ్లి కోటు వేసుకుని, గది మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు.

"నాను ముప్పైతొమ్మిదేళ్లు ఇరుసులు సూసినాను" అన్నాడు. "ఏడంటే ఏటో నాకు తెలుసనుకున్నాను. నా కొడుకు రోజూ ఏ నీళ్ల మీదికి ఎల్తన్నాడో మాత్రం తెలీనేదు. సల్లార్చాల్సినదానికి దుప్పటి కప్పినాను. దేవుడు నన్ను ఒదిలెయ్యనేదు. తెలివైన కోడల్ని ఇచ్చినాడు. ఇలాంటి పక్కింటిని ఇచ్చినాడు. మా అప్ప నా కొడుకు కోసం తన సెయ్యే కర్సు పెట్టేసింది." గుమ్మం వైపు తిరిగాడు. "అప్పా, వందనాలు."

ఇరవై ఎనిమిదేళ్లుగా ప్రతి పొద్దునా గేటు దగ్గర అన్న మాటే. ప్రార్థనలో దేవుడితో అనేదీ ఆ మాటే. ఆ సాయంత్రం అతను ఏ వందనాలు చెప్పాడో గదిలో అందరికీ తెలిసింది. జోగమ్మ కూడా వెంటనే దణ్ణాలు తమ్ముడూ అనలేదు.

కూడిక ముగిశాక అందరూ లేచి ఒకరికొకరు వందనాలు చెప్పుకుంటూ చేతులు కలుపుతున్నారు. క్రిస్టోఫర్ గుమ్మం దగ్గరికి వెళ్లి, జోగమ్మ ముందు వంగి, చెయ్యి చాపాడు. ఆవిడ అలవాటుగా వెనక్కి జరగబోయి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది. బొబ్బ మానిన కుడి చేత్తో నెమ్మదిగా వాడి చెయ్యి పట్టుకుంది. వాడికి వణుకు పుట్టలేదు. ఆవిడ మొహం మారింది.

"ఏడిగా ఉంది" అంది.

క్రిస్టోఫర్ నవ్వాడు. "బాగానే ఉన్నాను అత్తా, జొరం నేదు."

"తెలుసు. జొరం కాదు" అంది జోగమ్మ. రెండో చెయ్యి కూడా దాని మీద వేసింది. వేళ్లు, అరచెయ్యి, మణికట్టు, ఒక్కొక్క చోటా తడిమి చూసింది. మనిషి చెయ్యి బతికి ఉంటే ఎలా ఉంటుందో ఇన్నేళ్లకి ఆ చేతికి తెలుస్తోంది. ఆవిడ కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి, వాటినీ తుడుచుకోలేదు. తల ఎత్తి లూకా వైపు చూసింది. ఆసుపత్రి మంచం పక్కన తను అన్న మాట ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చిందని లూకాకి అర్థమైంది.

ఈసారి అతను ఒగ్గేయమనలేదు. జోగమ్మ వాడి చెయ్యి పట్టుకుని అలాగే చాలాసేపు కూర్చుంది. టీ చల్లారిపోతోందని ఎవరో అంటే, సూసన్న కెటిల్ తీసుకుని మళ్లీ వేడి చేయడానికి లోపలికి వెళ్లింది.